పన్నెండు అధికార భాషలు, మూడు చానళ్లు

దక్షిణాఫ్రికా రాజ్యాంగంలో తెలుగు పేరు ఉంది. ఈ సంగతి మన పాఠకుల్లో చాలామందికి కొత్తగా అనిపించవచ్చు. 1996లో ఆమోదించిన ఆ రాజ్యాంగం ఆరో సెక్షన్‌లో ముందు అధికార భాషల జాబితా ఇచ్చి, ఆ తరవాత దేశంలోని ప్రజలు వాడే ఇతర భాషలనూ ప్రోత్సహించాలనీ, వాటికి గౌరవం దక్కేలా చూడాలనీ చెప్పారు. అక్కడ పేరుపేరునా రాసిన భాషలు జర్మన్, గ్రీకు, గుజరాతీ, హిందీ, పోర్చుగీసు, తమిళం, తెలుగు, ఉర్దూ. ఇంగ్లిషు ప్రతిలో మన భాష పేరు ఒక అక్షరం తేడాతో 'తెలెగు' అని పడింది. పడితే పడింది, పేరు మాత్రం ఉంది.

పేరు ఎలా వచ్చిందో చెప్పడానికి పెద్ద కథ అక్కర్లేదు. 1860 నవంబరులో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అది మొదలు 1911 దాకా లక్షా యాభై రెండు వేల మందికి పైగా భారతీయులను ఒప్పందపు కూలీలుగా నేటాల్ చెరకు తోటలకు తీసుకెళ్లారు. వారిలో మద్రాసు రేవు నుంచి వెళ్లినవారే ఎక్కువ. తమిళ జిల్లాల వారితో పాటు తెలుగు జిల్లాల వారూ ఉన్నారు. వారి పిల్లలు, మనవలు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఆ సభ ఇప్పటికీ ఉంది.

అయినా ఈ వారం మేం రాయదలచుకున్నది ప్రధానంగా వారి గురించి కాదు. ఒక భాషకు చట్టంలో చోటు దొరికిన తరవాత, అది సాయంత్రం పూట ఇంట్లో వినబడటానికి ఇంకేం కావాలి అన్నది ప్రశ్న. బళ్లారిలో, హోసూరులో, బరంపురంలో, సోలాపూర్‌లో తెలుగు బడి నడుపుకొంటున్న మనకు ఈ ప్రశ్న పాతదే. దక్షిణాఫ్రికాలో మాత్రం దానికి టెలివిజన్ రూపంలో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. ఆ ప్రయోగం ఇప్పుడు డబ్బు దగ్గరా, సిగ్నల్ దగ్గరా ఇరుక్కుపోయి ఉంది.

తెర ఆలస్యంగా వచ్చిన దేశం

అంత సంపన్నమైన దేశంలో టెలివిజన్ ప్రారంభమైంది 1976 జనవరి 5న అంటే నమ్మబుద్ధి కాదు. 1969లో మనిషి చంద్రుడిపై కాలు మోపిన దృశ్యాన్ని ప్రపంచమంతా చూస్తుంటే దక్షిణాఫ్రికా ప్రజలు చూడలేకపోయారు. డబ్బు లేక కాదు. తంతి తపాలా శాఖ మంత్రిగా చాలాకాలం పనిచేసిన ఆల్బర్ట్ హెర్జోగ్‌కు టెలివిజన్ అంటే గిట్టదు. అది వస్తే ఇంగ్లిషు కార్యక్రమాలు ఇళ్లలోకి జొరబడి ఆఫ్రికాన్స్ భాషనూ, శ్వేతజాతి పాలన పునాదులనూ కదిలిస్తాయని ఆయన వర్గం భయం. భయంలో కొంత నిజం ఉందనుకోండి.

చివరికి వచ్చిన ఒక్క చానల్లో ఇంగ్లిషు, ఆఫ్రికాన్స్ సమయాన్ని సగం సగం పంచుకున్నాయి. దేశంలో అత్యధికులు మాట్లాడే జులూ, ఖోసా, సోతో భాషలకు ఒక్క నిమిషం కూడా లేదు. అదే ఏడాది జూన్ 16న సొవెటోలో బడిపిల్లలు వీధుల్లోకి వచ్చారు. నల్లజాతి పిల్లల బడుల్లో గణితం, సాంఘిక శాస్త్రం వంటివి ఆఫ్రికాన్స్‌లో చెప్పాలన్న ఉత్తర్వే దానికి కారణం. పోలీసు కాల్పుల్లో చనిపోయిన హెక్టర్ పీటర్సన్‌ను మరో యువకుడు ఎత్తుకుని పరుగెత్తుతున్న ఫొటో 'ది వరల్డ్' అనే పత్రికలో వచ్చి ప్రపంచాన్ని కదిలించింది. మరుసటి ఏడాది అక్టోబరు 19న ఆ పత్రికను నిషేధించి, సంపాదకుడు పెర్సీ కొబోజాను నిర్బంధించారు. బడిలో ఏ భాష, తెర మీద ఏ భాష, పత్రికలో ఏ వార్త అన్న మూడు ప్రశ్నలూ రెండేళ్లలోపే ఒకే పోరాటంగా ముడిపడ్డాయి.

1982లో నల్లజాతి భాషలకు వేరే చానళ్లు వచ్చాయి. ఒకటి జులూ, ఖోసాలకు. మరొకటి సోతో, త్స్వానాలకు. రేడియో అంతకు ముందే, 1960ల నుంచీ, ఒక్కో భాషకు ఒక్కో కేంద్రంగా నడుస్తోంది. ఇక్కడ ఒక చేదు విషయం గమనించాలి. ఆ భాషలంటే ప్రేమ ఉండి ప్రభుత్వం ఆ పని చేయలేదు. ఒక్కో జాతినీ దాని దాని భాష గదిలో కూర్చోబెడితే వారంతా కలవకుండా ఉంటారన్నది లెక్క. 1953 నాటి బంటూ విద్యా చట్టం కింద బడుల్లో మాతృభాషా బోధనకు కూడా అదే ఉద్దేశం. నల్లవాడికి కూలి పనికి సరిపడా చదువు చాలు, అది వాడి భాషలోనే చెప్పండి అన్న వరస అది. అందుకే ఇవాళ్టికీ అక్కడ మాతృభాషలో చదువు అనగానే చాలామంది తల్లిదండ్రులు అనుమానంగా చూస్తారు. వాళ్లను తప్పుపట్టడానికి మనకు నోరు రాదు.

మొత్తానికి వేరుచేయడానికి కట్టిన ఆ రేడియో కేంద్రాలే స్వాతంత్ర్యం తరవాత ఆ భాషలకు అసలైన ఆస్తి అయ్యాయి. జులూ కేంద్రం ఉఖోజీ ఎఫ్ఎం ఇప్పుడు దేశంలో అత్యధిక శ్రోతలున్న రేడియో.

పంపకం

1994 ఎన్నికలకు ముందే, 1993లో, ప్రభుత్వ ప్రసార సంస్థ ఎస్ఏబీసీకి బహిరంగ విచారణ జరిపి కొత్త పాలకమండలిని ఎంపిక చేశారు. పాలకపక్షం చేతిలోని బాకాను ప్రజల సంస్థగా మార్చాలన్నది ఆశయం. 1996 ఫిబ్రవరిలో చానళ్లను తిరిగి పంచారు. మొదటి చానల్‌కు జులూ, ఖోసా, స్వాతి, ఎన్‌డెబెలె భాషల గుంపు. రెండోదానికి సోతో కుటుంబ భాషలు, ఆఫ్రికాన్స్, వెండా, త్సోంగా. మూడోది ఇంగ్లిషు. 1999 నాటి ప్రసార చట్టం అన్ని అధికార భాషల్లోనూ కార్యక్రమాలు ఇవ్వడం సంస్థ విధి అని రాసింది. అప్పటికి అధికార భాషలు పదకొండు. 2023లో సంజ్ఞా భాషను చేర్చాక పన్నెండు.

కాగితం మీద ఇంత చక్కగా ఉన్న పంపకం గడియారం ముందు నిలబడేసరికి ఇరుకైపోయింది. సాయంత్రం అందరూ టీవీ ముందు కూర్చునే సమయం మూడు గంటలే. చిన్న భాషలు వార్తల సమయాన్ని జంటలుగా పంచుకోవాల్సి వచ్చింది, వెండాతో త్సోంగా, స్వాతితో ఎన్‌డెబెలె. 2022 జనగణన ప్రకారం ఇంట్లో జులూ మాట్లాడేవారు 24.4 శాతం, ఖోసా 16.3. వెండా 2.5 శాతం, ఎన్‌డెబెలె 1.7. ఇంగ్లిషు ఇంటిభాషగా ఉన్నవారు 8.7 శాతమే. అయినా ఒక చానలంతా ఇంగ్లిషుదే, ప్రకటనల డబ్బూ అటే పోతుంది. ప్రకటన ఇచ్చేవాడు ఏ భాషలో ఎంతమంది ఉన్నారని లెక్కపెట్టడు, ఎవరి జేబులో ఎంత ఉందో చూస్తాడు.

దీనికి కథా రచయితలు ఒక దారి కనిపెట్టారు. అది మాకు చాలా నచ్చింది. ఒకే సీరియల్‌లో తండ్రి వెండాలో అడుగుతాడు, కోడలు జులూలో జవాబిస్తుంది, ఆఫీసులో ఇంగ్లిషు నడుస్తుంది, కింద ఇంగ్లిషు అక్షరాలు పడుతుంటాయి. 1997లో మొదలై పాతికేళ్లకు పైగా నడిచిన 'మువాంగో' అలాంటిదే. దాని పుణ్యమా అని వెండా అంటే ఏమిటో తెలియని జొహానెస్‌బర్గ్ జనానికి కూడా ఆ పలకరింపులు చెవిన పడ్డాయి. లింపోపో రాష్ట్రంలోని బడిపిల్లల కథతో మొదలైన 'స్కీమ్ సామ్' సెపెడి భాషకు అదే మేలు చేసింది. త్సోంగా భాషలో మొదటి ధారావాహిక రావడానికి మాత్రం 2019 దాకా ఆగాల్సి వచ్చింది. అంటే టీవీ వచ్చిన 43 ఏళ్లకు.

పిల్లల కోసం 2000లో మొదలైన 'తకలానీ సెసమీ' గురించి ఉపాధ్యాయులకు ప్రత్యేకంగా చెప్పాలి. అమెరికా 'సెసమీ స్ట్రీట్'కు ఇది స్థానిక రూపం. పలు భాషల్లో అక్షరాలు, అంకెలు నేర్పుతుంది. 2002లో అందులో కామీ అనే బొమ్మ పాత్రను తెచ్చారు. ఆ చిన్నపిల్లకు హెచ్ఐవీ ఉంది. దేశంలో ఆ వ్యాధి గురించి నాయకులే తడబడుతున్న రోజుల్లో ఒక పిల్లల కార్యక్రమం ఆ మాటను పిల్లల భాషలో చెప్పగలిగింది.

ఇంకా చిన్న ఉదాహరణ ఎక్స్‌కే ఎఫ్ఎం. కింబర్లీ దగ్గర ప్లాట్‌ఫంటైన్ అనే చోట శాన్ ప్రజల రెండు సమాజాల కోసం 2000లో పెట్టిన రేడియో ఇది. వినేవారు కొన్ని వేలమందే. ఏ వ్యాపార లెక్కలోనూ అది నిలవదు. ఎస్ఏబీసీ వంటి ప్రభుత్వ సంస్థ ఉంది కాబట్టే అది ఉంది.

స్థానికం అంటే ఎవరు?

2016లో ఎస్ఏబీసీలో అధికారమంతా హ్లావుడి మొట్సొనెంగ్ అనే అధికారి చేతిలో ఉంది. ఆయన మెట్రిక్ పాసవకుండానే పాసైనట్టు చెప్పుకున్నారని 2014లోనే ప్రజా రక్షకురాలు థులి మడొన్సెలా నివేదిక తేల్చింది. అయినా ఆయన కుర్చీ కదల్లేదు. 2016 మే నెలలో, స్థానిక ఎన్నికలకు కొద్ది నెలల ముందు, నిరసనల్లో ప్రభుత్వ ఆస్తులు తగలబెడుతున్న దృశ్యాలు చూపకూడదని నిర్ణయం వచ్చింది. ప్రశ్నించిన ఎనిమిది మంది పాత్రికేయులను ఉద్యోగాల నుంచి తీసేశారు. నియంత్రణ సంస్థ ఐకాసా ఆ నిషేధాన్ని వెనక్కి తీసుకోమంది. కోర్టుకు వెళ్లిన పాత్రికేయులు తిరిగి ఉద్యోగాల్లో చేరారు. ఆ ఎనిమిది మందిలో ఒకరైన సూనా వెంటర్ బెదిరింపులు, దాడులు ఎదుర్కొని 2017లో 32 ఏళ్లకే మరణించారు.

అదే మే నెలలో ఆయన మరో ఉత్తర్వు ఇచ్చారు. ఎస్ఏబీసీ రేడియోలన్నీ 90 శాతం స్థానిక సంగీతమే వేయాలి. వినగానే మంచి మాటే అనిపిస్తుంది. అమెరికా పాటల బదులు సొంత కళాకారులకు డబ్బు వస్తుంది కదా! ఈ దెబ్బ ఎక్కడ తగిలిందో చూడండి. డర్బన్ కేంద్రంగా 1983 నుంచి నడుస్తున్న లోటస్ ఎఫ్ఎం భారత సంతతి వారి రేడియో. ఇంగ్లిషులో మాట్లాడుతూ హిందీ, తమిళం, తెలుగు, ఉర్దూ, గుజరాతీ పాటలూ కార్యక్రమాలూ ఇస్తుంది. దాని శ్రోతలు వినేది భారతీయ చిత్ర సంగీతం, భక్తి సంగీతం. అవి స్థానికం లెక్కలోకి రావు. నూటయాభై ఏళ్లకు పైగా అక్కడ ఉన్న సమాజం పాటలు ఒక్క ఉత్తర్వుతో విదేశీ సరుకు అయిపోయాయి. శ్రోతలు గొడవ చేశారు, చాలామంది వేరే రేడియోలకు వెళ్లిపోయారు. ఏడాది తరవాత, 2017 మే నెలలో, కొత్తగా వచ్చిన తాత్కాలిక పాలకమండలి ఆ ఉత్తర్వును రద్దు చేసింది. ఉత్తర్వు పోయినంత మాత్రాన వెళ్లిపోయిన శ్రోతలంతా వెనక్కి వస్తారా?

పెద్ద భాషల మేలు కోరి చేసే నియమం చిన్న భాషను ఎలా నలిపేస్తుందో రాష్ట్ర భాష తప్పనిసరి ఉత్తర్వులు చూసిన మన తల్లిదండ్రులకు వేరే చెప్పక్కర్లేదు. ఆ ఉత్తర్వు వెనక దురుద్దేశం ఉందని మేం అనడం లేదు. నియమం రాసేటప్పుడు డర్బన్ ఎవరికీ గుర్తురాలేదు, అంతే.

ఆ రోజుల్లోనే భారతీయులకు తలవంపులు తెచ్చిన మరో చానల్ ఉంది. ఉత్తరప్రదేశ్‌లోని సహారన్‌పూర్ నుంచి వెళ్లిన గుప్తా సోదరులు 2013లో ఏఎన్ఎన్7 అనే వార్తా చానల్ పెట్టారు. అప్పటి అధ్యక్షుడు జేకబ్ జుమాకు అది బాహాటంగా కొమ్ముకాసింది. చానల్ ఏర్పాటులో జుమా స్వయంగా ఆసక్తి చూపారని, దాన్ని మొదలుపెట్టడానికి వెళ్లిన ఒక భారతీయ పాత్రికేయుడే తరవాత విచారణ సంఘం ముందు సాక్ష్యమిచ్చారు. 2018లో అది మూతపడింది. ప్రైవేటు చానల్ అయితే స్వేచ్ఛగా ఉంటుందన్న నమ్మకానికి ఇది ఒక జవాబు. 1998లో మొదలైన ఈటీవీ, దాని వార్తా చానల్ అదే కాలంలో అధికారులను నిలదీశాయన్నదీ నిజమే. మన తెలుగు ఈటీవీకీ దానికీ పేరులో తప్ప ఏ సంబంధమూ లేదు.

బడి చట్టం, ఎవరి గొంతు వినబడింది

2024 సెప్టెంబరు 13న అధ్యక్షుడు సిరిల్ రామఫోసా సంతకం చేసిన పాఠశాల విద్యా సవరణ చట్టం 'బేలా' మన లాంటి వారు శ్రద్ధగా చదవాల్సింది. అంతకు ముందు ప్రతి ప్రభుత్వ పాఠశాలలో తల్లిదండ్రులు ఎన్నుకున్న పాలకవర్గమే బోధనా భాష ఏదో నిర్ణయించేది. ఈ చట్టం ప్రకారం ఆ నిర్ణయాన్ని రాష్ట్ర విద్యాశాఖాధిపతి ఆమోదానికి పంపాలి. ఆయన అవసరమనుకుంటే మరో భాషలోనూ బోధించమని ఆదేశించవచ్చు. ఆఫ్రికాన్స్ బడుల తల్లిదండ్రులు ఇది తమ భాషకు ఉరి అన్నారు. సీట్లు ఖాళీగా ఉన్నా భాష పేరు చెప్పి నల్లజాతి పిల్లలను చేర్చుకోవడం లేదని ప్రభుత్వం వాదించింది. ప్రిటోరియాలో పెద్ద ప్రదర్శన జరిగింది. అభ్యంతరాలున్న రెండు నిబంధనలనూ మూడు నెలలు ఆపి, డిసెంబరులో అమలులోకి తెచ్చారు.

అల్పసంఖ్యాక భాషా బడి అనగానే మన మొగ్గు ఆఫ్రికాన్స్ వైపు ఉండటం సహజం. కానీ నిన్నటిదాకా అది పాలించిన భాష. ఆ బడుల భవనాలు, ఆట మైదానాలు, ఉపాధ్యాయులు అన్నీ పాత పాలన ఇచ్చినవి. దాన్ని యానాం, రాయగడలలోని తెలుగు బడితో పోల్చలేం. అలాగని బడి భాష మీద చివరి మాట తల్లిదండ్రుల చేతిలోంచి అధికారి చేతికి పోవడాన్ని తేలిగ్గా తీసుకోనూలేం. అధికారులు మారుతుంటారు, ఆమోదాలు ఫైళ్లలో ఆగుతుంటాయి.

మీడియా వైపు నుంచి చూస్తే ఇంకో సంగతి కనబడుతుంది. ఆఫ్రికాన్స్‌కు సొంత పత్రికలున్నాయి, 1999 నుంచి కైక్‌నెట్ అనే సొంత చెల్లింపు చానల్ ఉంది. కనుక ఆ తల్లిదండ్రుల ఆందోళన నెలల తరబడి చర్చగా నడిచింది. అదే సమయంలో ఇంకో మార్పు దాదాపు చప్పుడు లేకుండా వచ్చింది. ఆఫ్రికా భాషల పిల్లలు మూడో తరగతి దాకా ఇంటిభాషలో చదివి, నాలుగో తరగతిలో ఒక్కసారిగా ఇంగ్లిషులోకి దూకాల్సి వచ్చేది. 2021 అంతర్జాతీయ పఠన పరీక్షలో నాలుగో తరగతి పిల్లల్లో 81 శాతం మంది చదివినదాన్ని అర్థం చేసుకోలేకపోయారని తేలింది. 2025లో నాలుగో తరగతి నుంచి గణితం, సైన్సు ఇంటిభాషతో కలిపి రెండు భాషల్లో చెప్పడం మొదలుపెట్టారు. లక్షల మంది పిల్లలకు సంబంధించిన ఈ మార్పును వెండాలోనో ఎన్‌డెబెలెలోనో ఒక తల్లికి విడమరచి చెప్పాలంటే ఎస్ఏబీసీ రేడియో తప్ప దారి లేదు. సొంత పత్రిక ఉన్న భాష ఫిర్యాదు చేయగలదు. లేని భాషకు కబురే అందదు.

జులూ ఈ విషయంలో మినహాయింపు. 1903లో జాన్ డూబే స్థాపించిన 'ఇలాంగా', 2002లో వచ్చిన దినపత్రిక 'ఇసొలెజ్వె' దానికున్నాయి.

డబ్బు, సిగ్నల్

ఎస్ఏబీసీ నడవాల్సింది లైసెన్సు రుసుంతో, ప్రకటనలతో. మన దగ్గరా ఒకప్పుడు రేడియోకు లైసెన్సు ఉండేది, పోస్టాఫీసులో కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకునేవారు. పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. దక్షిణాఫ్రికాలో ఏడాదికి 265 రాండ్లు కట్టాలి. కట్టాల్సిన వారిలో 80 శాతానికి పైగా కట్టడం లేదు. కొందరికి స్తోమత లేదు. మొట్సొనెంగ్ రోజులు చూశాక కట్టబుద్ధి కానివారు ఇంకొందరు. ప్రభుత్వం 320 కోట్ల రాండ్లు ఇచ్చి ఆదుకున్నా, 2021లో 621 మంది ఉద్యోగులు సంస్థను వీడాల్సి వచ్చింది. వాణిజ్య చానల్ లాభంతో ప్రజాసేవ చానళ్లను పోషించాలన్నది 1999 నాటి ఆలోచన. లాభాలు వచ్చే చానళ్లు ఇప్పుడు డీఎస్‌టీవీలో, ఫోన్లలో ఉన్నాయి. ఆ డీఎస్‌టీవీని నడిపే మల్టీచాయిస్ కంపెనీని 2025 సెప్టెంబరులో ఫ్రాన్సుకు చెందిన కెనాల్ ప్లస్ తన చేతిలోకి తీసుకుంది.

రెండో చిక్కు సిగ్నల్‌ది. పాత అనలాగ్ ప్రసారాలు ఆపి డిజిటల్‌కు మారడానికి అంతర్జాతీయ గడువు 2015 జూన్. దక్షిణాఫ్రికా ఆ గడువు దాటేసి పదేళ్లయింది. మారాలంటే ప్రతి ఇంటికీ ఒక పెట్టె కావాలి. పేద ఇళ్లకు ప్రభుత్వం ఉచితంగా ఇస్తానంది. ఇవ్వడం మాత్రం నత్తనడక నడిచింది. ఈలోగా కొన్ని రాష్ట్రాల్లో ఎస్ఏబీసీ అనలాగ్ ప్రసారాలు ఆపేసింది. వాటిలో లింపోపో, ఎంపుమలాంగా ఉన్నాయి. వెండా, త్సోంగా, సెపెడి మాట్లాడేది లింపోపోలో. స్వాతి, ఎన్‌డెబెలె మాట్లాడేది ఎంపుమలాంగాలో. ఏ భాషలకు ప్రభుత్వ చానల్ తప్ప వేరే దిక్కు లేదో, ఆ ఊళ్లలోనే పెట్టె రాని ఇళ్ల తెర ముందుగా చీకటైంది.

మిగిలిన రాష్ట్రాలకు 2025 మార్చి 31 ఆఖరు అని మంత్రి సాలీ మలాట్సి ప్రకటిస్తే, ఈటీవీ ప్రిటోరియా హైకోర్టుకు వెళ్లింది. లక్షల పేద కుటుంబాలు ఉచిత ప్రసారాలకు దూరమవుతాయన్నది వాదన. గడువుకు నాలుగు రోజుల ముందు కోర్టు దాన్ని ఆపింది. ఈటీవీకి ప్రకటనల ఆదాయం కాపాడుకునే అవసరం ఉందన్నది దాచాల్సిన విషయమేం కాదు. అయితే ఆ వ్యాపారం వల్లనే క్వాజులు-నేటాల్ పల్లెల్లో పాత టీవీలు ఇంకా వెలుగుతున్నాయి.

ఆ క్వాజులు-నేటాల్‌లోనే 2014లో హిందీ, తమిళం, తెలుగు, ఉర్దూ, గుజరాతీ భాషలను బడుల్లో ఐచ్ఛికంగా మళ్లీ తెచ్చారు. ఐచ్ఛికం కనుక ఉపాధ్యాయుణ్ణి వెతుక్కునే భారం సమాజం మీదే పడింది. డీఎస్‌టీవీలో హిందీ, తమిళ చానళ్లు డబ్బు కట్టి చూడవచ్చు. చెన్నై, ముంబయి నుంచి వచ్చే ఆ చానళ్లకు డర్బన్ వీధి పట్టదు, హైదరాబాద్ చానళ్లకు హోసూరు బడి పట్టనట్టే. అక్కడి తెలుగువాడి పెళ్లి కబురు, పండగ కబురు, పరాయిదైపోతున్న భాషలో నాలుగు మాటలు వినాలంటే లోటస్ ఎఫ్ఎం లాంటి స్థానిక రేడియోనే కావాలి. ఆ రేడియోకు వెండా వార్తలకు వచ్చే ఖజానా నుంచే డబ్బు రావాలి. సంస్థకు నిధులు ఇకపై లైసెన్సు రుసుంగా రావాలా, బడ్జెట్ నుంచి రావాలా, ఇంకెలాగైనా రావాలా అన్న వాదన దక్షిణాఫ్రికా పార్లమెంటులో కొన్నేళ్లుగా నడుస్తూనే ఉంది.